దురదను దాచుకోవద్దు

వానలు పడి అనంతగిరి కొండలు పచ్చబడగానే హైదరాబాద్ చూపు వికారాబాద్ మీద పడుతుంది. శనివారం తెల్లారకముందే బైకులు, కార్లు చేవెళ్ల దాటి వస్తుంటాయి. అనంత పద్మనాభస్వామి దర్శనం, మూసీ పుట్టిన చోటు, అడవిలో నడక, కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో పడవ, రాత్రికి గుడారం. తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కువ మంది వెంట వచ్చేవి అలసట, ఫొటోలు మాత్రమే. కొందరికి మాత్రం వారం పది రోజులు గడిచాక ఒంటిమీద ఏదో మొదలవుతుంది. బెల్టు కట్టుకునే చోట నల్లటి పెచ్చు కట్టడమో, చీలమండ దగ్గర పిడుదు కరుచుకుని కనిపించడమో.

తాండూరు ప్రయాణాలు వేరు. నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని కోసం బయటి నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లున్నారు. ఇక్కడి పల్లెల నుంచి ముంబైకి, పుణెకు కూలికి వెళ్లేవాళ్లున్నారు. ఒకే గదిలో చాలామంది, వరసగా పరిచిన చాపలు, చేతికి దొరికింది కప్పుకునే దుప్పట్లు. పండక్కి రైలు దిగి ఇల్లు చేరేసరికే వేళ్ల సందుల్లో దురద పుట్టి ఉంటుంది. హాస్టళ్లలో చదువుకుని సెలవులకు ఇంటికొచ్చే పిల్లలదీ ఇదే దారి. ఇక డబ్బు కలిసొచ్చి గోవాకో, ఫుకెట్‌కో, బాలికో వెళ్లివచ్చినవాళ్ల పాదాల మీద వంకరటింకర గీత ఒకటి కనిపించి రోజురోజుకూ పొడవు పెరుగుతుంటుంది.

కొండకు వెళ్లొద్దనీ, సముద్రంలో దిగొద్దనీ చెప్పడానికి ఈ అధ్యాయం రాయడం లేదు. గాలి మంచిదని ఒకప్పుడు క్షయ రోగులను తెచ్చి శానిటోరియంలో ఉంచిన కొండ అనంతగిరి. వెళ్లండి, తిరగండి. నేను చెప్పదలచుకున్నది తిరిగొచ్చాక చేయాల్సిన పని గురించి. చర్మం మీద వాలే ఈ పురుగుల జబ్బుల్లో దాదాపు అన్నీ సమయానికి గుర్తిస్తే తేలిగ్గా నయమవుతాయి. వాటిని నెలల తరబడి సాగదీసేవి రెండు: దాచుకోవడం, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న దురద ట్యూబు. ఈ రెండూ మన అలవాట్లు కాబట్టే వ్యక్తిత్వం గురించిన పుస్తకంలో వీటికి చోటిచ్చాను.

నారి కురుపు పోయిన తీరు

ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, నారి కురుపు పేరు విన్నారేమో. దిగుడు బావి నీళ్లలో సైక్లాప్స్ అనే, కంటికి సరిగా ఆనని పురుగు ఉండేది. దాని కడుపులో నారి పురుగు పిల్లలు ఉండేవి. ఆ నీళ్లు తాగిన మనిషికి అప్పటికి ఏమీ తెలిసేది కాదు. ఏడాది గడిచాక కాలి మీద బొబ్బ లేచి, చితికి, అందులోంచి సన్నగా, తెల్లగా, మీటరు దాకా పొడవుండే పురుగు తల బయటపెట్టేది. తెగకుండా దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. వారాలు పట్టేది. ఆ వారాల్లో నాగలి పట్టేవాడు మంచం మీద ఉండేవాడు. మంటకు ఓర్చుకోలేక ఆ కాలు బావి నీళ్లలో పెడితే పురుగు లక్షల పిల్లలను మళ్లీ ఆ నీళ్లలోకే వదిలేది. మరుసటి ఏడాది ఊరంతా అదే బాధ.

1983–84లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు ఈ జబ్బు ఏడు రాష్ట్రాల్లో ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 1984లో దేశం మొత్తం మీద దాదాపు 40 వేల మంది రోగులు లెక్కకు వచ్చారు. దీనికి మందు లేదు, టీకా లేదు. ఇవాళ్టికీ లేవు. అయినా జబ్బు పోయింది. తాగే నీళ్లను సన్నటి నేత బట్టలో వడగట్టారు. దిగుడు బావుల మెట్లు మూసి చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, బావుల్లో సైక్లాప్స్‌ను చంపే టెమెఫాస్ చల్లారు. వీటన్నిటితో పాటు ఊరూరా ఇంటింటికీ వెళ్లి ‘ఎవరికైనా కురుపు ఉందా?’ అని అడిగారు. చివరి దశలో, రోగి ఆచూకీ చెప్పినవాళ్లకు నగదు బహుమతి కూడా పెట్టారు. దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఈ జబ్బు లేదని ధ్రువీకరించింది. 1986లో ప్రపంచం మొత్తం మీద ఏటా 35 లక్షల మందిని పట్టిన ఈ పురుగు 2023లో 14 మందిలో మాత్రమే కనిపించింది.

ఈ చరిత్రలో నన్ను ఎప్పుడూ కదిలించేది ఆ ఇంటింటి ప్రశ్న. అడిగినప్పుడు పల్లె జనం కాలు ముందుకు చాపి చూపించారు కాబట్టి పని జరిగింది. ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అని తలుపు వేసుకుని ఉంటే వడగట్టే బట్ట ఏ ఇంటికి ఇవ్వాలో, ఏ బావి మూయాలో ఎవరికీ తెలిసేది కాదు. చదువు లేని వాళ్లని మనం అనుకునే తరం చేసిన ఆ పని, స్మార్ట్ ఫోన్ చేతిలో ఉన్న తరం గజ్జి విషయంలో చేయలేకపోతోంది.

గజ్జి: ఇంట్లో చెప్పాల్సిన మాట

గజ్జి అనగానే మనిషి ముడుచుకుపోతాడు. స్నానం చేయనివాళ్లకు, మురికిగా ఉండేవాళ్లకు వస్తుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. రోజూ రెండు పూటలా స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. ఆడ గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. సబ్బు అక్కడిదాకా వెళ్లదు. మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటిమీద ఉండే పురుగులు సగటున పది, పదిహేను మాత్రమే. అంత దురద పుట్టేది పురుగుల సంఖ్య వల్ల కాదు, వాటి గుడ్లకూ విసర్జనకూ మన ఒళ్లు ఎదురుతిరగడం వల్ల.

ఎదురుతిరగడానికి టైం పడుతుంది. మొదటిసారి అంటుకున్నవాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండకపోవచ్చు. ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలా చిక్కులు విడిపోతాయి. దసరా సెలవుల్లో అంటుకున్నది దీపావళి దాటాక బయటపడుతుంది. ఆలోగా పక్కన పడుకునే భార్యకో భర్తకో, ఒళ్లో కూర్చునే పాపకో చేరిపోయి ఉంటుంది. ఇంతకుముందు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకైతే ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. ‘ముందు ఆయనకు వచ్చింది, ఆయనే తెచ్చాడు’ అన్న ఇంటి గొడవలో నిజం ఉండకపోవచ్చు. ముందు దురద పుట్టినవాళ్లే ముందు అంటించుకున్నవాళ్లని అనడానికి లేదు. కాబట్టి ఎవరు తెచ్చారన్న విచారణ పెట్టుకోకండి.

రాత్రి పక్క మీదికి చేరాక ఎక్కువయ్యే దురద మొదటి గుర్తు. వేళ్ల సందులు, మణికట్టు లోపలి వైపు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, మర్మాంగాలు, ఆడవాళ్లకు రొమ్ముల కింద. పసిపిల్లలకైతే అరచేతులు, అరికాళ్లు, తల మీద కూడా. ఇంట్లో ఒకరికి మించి గోక్కుంటుంటే ఇక అనుమానమే అక్కర్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

డాక్టర్ సాధారణంగా రాసేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. కొందరికి ఐవర్మెక్టిన్ మాత్రలు. మందు మంచిదే. తప్పు వాడకంలో జరుగుతుంది. దురద ఉన్న చోట మాత్రమే రాసుకుంటారు. మెడ నుంచి కాలి గోళ్ల దాకా, బొడ్డులో, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, దురద లేని చోట కూడా రాయాలి. రాత్రి రాసుకుని ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకున్నా, అదే రాత్రి రాసుకోవాలి. రెండు నెలల లోపు పసికందులకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఏం వాడాలో డాక్టర్ విడిగా చెబుతారు. ముందు మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేని వాటిని పాలిథిన్ సంచిలో మూటగట్టి వారం పాటు పక్కన పెట్టాలి. మనిషి ఒళ్లు వదిలాక ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

మందు రాసుకున్న మర్నాడే దురద పోవాలని ఆశపడకండి. పురుగులు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండవచ్చు. అది తెలియక మందు పనిచేయలేదనుకుని రోజూ రాసుకుని చర్మం మండించుకునేవాళ్లు ఉన్నారు. వేప, పసుపు రాసుకుంటే హాయిగా ఉంటే రాసుకోండి, కానీ సొరంగంలో ఉన్న పురుగు దాంతో పోదు. కిరోసిన్ మాత్రం ముట్టుకోవద్దు. కుక్కను తిట్టొద్దు కూడా. కుక్క గజ్జి పురుగు వేరు, అది మనిషి మీద ఎక్కువ కాలం బతకలేదు.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. గోకిన చోట చీము పట్టి అందులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరితే, కొందరు పిల్లలకు కొన్ని వారాల తర్వాత మూత్రపిండాలు వాస్తాయి. ముఖం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్న దురదే కదా అని దాచిన జబ్బు అంత దూరం వెళ్లగలదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని పట్టించుకోని ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు అసలు కష్టమైన పని. ఇంట్లో చెప్పడం. కోడలు అత్తగారికి చెప్పాలంటే గొంతు పెగలదు. నేను సూచించేది మొదట జబ్బు పేరు, ఆ వెంటనే చేయాల్సిన పని, ఆ రెండింటి మధ్య సంజాయిషీ లేకుండా చెప్పడం. ‘అత్తమ్మా, నాకు గజ్జి అయింది. డాక్టర్‌కు చూపిచ్చిన. ఇంట్ల అందరం ఒక్కనాడే మందు రాసుకోవాలన్నడు, పిల్లలకు గూడ. శనివారం రాత్రి రాసుకుందాం.’ ఇంతే. ‘నేను శుభ్రంగానే ఉంట గని’ అంటూ మొదలుపెడితే మాట శుభ్రత మీదికి మళ్లుతుంది, మందు సంగతి వెనకపడుతుంది. హాస్టల్ పిల్లవాడు వార్డెన్‌తో అనాల్సింది: ‘సార్, నా ఒక్కనికే కాదు, రూమ్‌ల చానమందికి దురద ఉంది. అందరికీ ఒకేసారి మందు ఇప్పియ్యుండ్రి.’ ఒక్కడికి మందిచ్చి మిగతావాళ్లను వదిలేస్తే ఆ గదిలో గజ్జి చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి వార్డెన్లు, తల్లిదండ్రులు కూడా చదవాలని కోరుకుంటున్నాను. నోరు విప్పిన పిల్లవాడిని పక్కన వేరుగా కూర్చోబెట్టకండి. అలా చేస్తే రేపు రెండోవాడు చెప్పడు.

పాదం మీద నడిచే గీత

కుక్కల, పిల్లుల కడుపులో కొంకి పురుగులు ఉంటాయి. వాటి గుడ్లు మలంతో ఇసుకలో, మట్టిలో పడి, తడి, నీడ, వెచ్చదనం దొరికితే పొదిగి పిల్లలవుతాయి. చెప్పుల్లేకుండా నడిచే పాదంలోకి, తువ్వాలు లేకుండా ఇసుకలో కూర్చున్న పిరుదుల్లోకి అవి దూరతాయి. కుక్కల చర్మంలోంచి లోపలికి పోగలిగిన ఆ పిల్లలకు మనిషి చర్మంలో లోతుకు వెళ్లే శక్తి లేదు. అందుకని పైపొర కిందే దారి తప్పి తిరుగుతుంటాయి. ఎర్రగా, కొంచెం ఉబ్బుగా, పాకుతున్నట్టున్న గీత అదే. రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇళ్ల కింద తడి ఇసుకలో పడుకుని పైపులు బిగించే ప్లంబర్లకు ఇది ఎక్కువగా వచ్చేది.

మన వాళ్లకు ఎక్కువగా సముద్రతీరాల్లో అంటుకుంటుంది, గోవా అయినా థాయ్‌లాండ్ అయినా. అలాగని తీరం దాకా వెళ్లక్కర్లేదు. ఇల్లు కట్టేచోట కుక్కలు పడుకునే ఇసుక కుప్ప, పిల్లలు ఆడుకునే ఇసుక కుప్ప ఒకటే కదా. ఎండ తగిలే పొడి నేల మీద, కాలిన నాపరాయి మీద ఈ పురుగు పిల్లలు బతకలేవు. అందుకే గుడి ప్రాకారంలో రాతి మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణ చేసేవాళ్లు భయపడాల్సింది లేదు. చెట్టు నీడన చెమ్మగా ఉన్న మట్టి మీద చెప్పులు విప్పకండి, ఇసుకలో కూర్చోవాలంటే మందపాటి దుప్పటి పరుచుకోండి. ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లు పశువైద్యుడిని అడిగి దానికి ఎప్పటికప్పుడు పురుగుల మందు వేయించండి.

గీత కనిపించినప్పుడు ఒక పని చేయండి. దాని కొస ఎక్కడుందో బాల్ పెన్నుతో చుక్క పెట్టి ఫొటో తీయండి. మర్నాడు అదే చోట మళ్లీ ఫొటో. గీత చుక్క దాటి పోయి ఉంటే ఆ రెండు ఫొటోలు చూసి డాక్టర్ ఒక్క చూపులో చెప్పగలరు. ఆల్బెండజోల్ మాత్రలు కొన్ని రోజులు, లేదా ఐవర్మెక్టిన్. మందు వాడకపోయినా చాలావరకు వారాల్లో, కొందరికి నెలల్లో దానంతటదే పోతుంది కానీ అంతకాలం నిద్ర పట్టనివ్వదు. సూదితో గీత కొసలో గుచ్చి పురుగును తీయాలని చూసేవాళ్లున్నారు. పురుగు ఎప్పుడూ కంటికి కనిపించే గీత కంటే ముందుంటుంది, గుచ్చినచోట ఉండదు. పుండు మాత్రం మిగులుతుంది.

మనుషుల కొంకి పురుగు వేరు. అది లోపలికి వెళ్లి పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగినవాళ్లకు కాలివేళ్ల మధ్య నాలుగు రోజులు దురద పుట్టి తగ్గి, తర్వాత నెలల మీద రక్తహీనత వస్తుంది. 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్ర దీనికీ పనిచేస్తుంది. ఆ రోజు పిల్లవాడిని బడి మాన్పించకండి.

సిగరెట్‌తో కాల్చినట్టున్న మచ్చ

ఈ అధ్యాయంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇది. పొదలు, ఎత్తుగా పెరిగిన గడ్డి, ఎలుకలు తిరిగే చేను గట్లు, ఇలాంటి చోట్ల ఒక రకం నల్లి పిల్లలు ఉంటాయి. గడ్డిలో కూర్చున్న మనిషికి అంటుకుని, చర్మం ముడతలు పడే చోటు వెతుక్కుని కరుస్తాయి. కరిచినట్టు తెలియదు. వాటిలో కొన్ని ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియాను మన ఒంట్లోకి ఎక్కిస్తాయి. ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల్లో, ఎక్కువగా పది రోజులకు, జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. ఇదే స్క్రబ్ టైఫస్. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఉంది. వానలు వెనకపట్టు పట్టాక, చలికాలం మొదలయ్యేదాకా ఎక్కువ. సరిగ్గా అప్పుడే కొండలకు జనం వచ్చేది, కంది చేలో పని ఉండేది కూడా అప్పుడే.

డెంగీ పరీక్ష చేస్తారు, లేదంటారు. మలేరియా లేదు, టైఫాయిడ్ లేదు. జ్వరం తగ్గదు. ఇలాంటప్పుడు నల్లి కరిచిన మచ్చ కోసం ఒళ్లంతా వెతకాలి. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుముకు బెల్టు, లంగా నాడా బిగిసే చోట, మోకాలి వెనక. నొప్పి ఉండదు, దురద ఉండదు, మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. అందరికీ కనిపించదు కానీ కనిపిస్తే జబ్బు దాదాపు పట్టుబడినట్టే. డాక్సీసైక్లిన్ మొదలుపెడితే చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోయిన వాళ్లున్నారు.

చూడండి, ఆ మచ్చ ఉండే చోట్లు చాలావరకు మనం డాక్టర్‌కు చూపించడానికి సిగ్గుపడే చోట్లే. రద్దీగా ఉన్న ఓపీలో డాక్టర్ బట్టలు తీయించి చూడరు. మీరే ఇంట్లో అద్దం ముందు నిలబడి చూసుకోవాలి, వెనక వైపు ఇంట్లోవాళ్ల చేత చూపించుకోవాలి. ఆడవాళ్లు మహిళా డాక్టర్‌నో నర్సునో అడగవచ్చు. ‘మేడమ్, ఇక్కడ మచ్చ ఉంది, ఒకసారి చూడండి’ అన్న ఒక్క మాట ప్రాణం నిలిపే సందర్భం ఇది. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ పేరే దాని అసలు పేరు. ఎక్కడికి వెళ్లినా మూడు రోజులు దాటిన జ్వరంతో ఇంట్లో కూర్చోకండి.

కొండకు వెళ్లేటప్పుడు పొడుగు ప్యాంటు, సాక్సుల్లోకి దోపిన అంచులు, డీట్ ఉన్న దోమల క్రీము. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా చాప. బట్టలు విప్పి పొద మీద ఆరేయవద్దు. తిరిగొచ్చిన రాత్రే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. పిడుదులు, మన వైపు గోమార్లు అనేవి, కరుచుకుని కనిపిస్తే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, నెయ్యి, కిరోసిన్ పోయడం వద్దు. చిక్కమగళూరు, శివమొగ్గ అడవులకు వెళ్లివచ్చినవాళ్లు పిడుదు కరిచిన వారంలో జ్వరం వస్తే ఆ అడవి పేరు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. పిడుదుల వల్ల వచ్చే క్యాసనూర్ అడవి జ్వరం 1957లో శివమొగ్గ ప్రాంతంలోనే బయటపడింది.

నీళ్ల సంగతి కొద్దిగా చెప్పుకుంటే చాలు. పశువులు, బాతులు దిగే, నత్తలున్న చెరువు అంచున కాళ్లు నానబెడితే కొందరికి గంటల్లోనే చిన్న చిన్న ఎర్రటి పొక్కులు, దురద వస్తాయి. పశువులకు, పక్షులకు పట్టాల్సిన పురుగు పిల్లలు పొరబాటున మన చర్మంలోకి వచ్చి చచ్చిపోవడం వల్ల అది. నీళ్లలోంచి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటే వచ్చే అవకాశం తగ్గుతుంది, వచ్చినా వారంలో దానంతటదే పోతుంది. టాంజానియా, ఉగాండా, మలావీల్లో ఉద్యోగం చేసే మన వాళ్లు మాత్రం అక్కడి సరస్సుల్లో దిగి ఉంటే తేలిగ్గా తీసుకోకూడదు. అక్కడ మనుషులకు పట్టే పురుగే ఉంటుంది, దానికి ప్రాజిక్వాంటెల్ అనే మందుంది. ఆఫ్రికాలో ఆరుబయట ఆరేసిన బట్టల మీద గుడ్లు పెట్టే ఈగ కూడా ఒకటుంది. పిల్ల పురుగు చర్మంలో దూరి సెగగడ్డలా లేస్తుంది. లోదుస్తులతో సహా రెండు వైపులా ఇస్త్రీ చేసుకోవడమే దానికి నివారణ.

ట్యూబు

‘అన్నా, దురదకు ఏదన్న ట్యూబ్ ఇయ్యి.’ ఈ మాట రోజూ ప్రతి మెడికల్ షాపు ముందు వినిపిస్తుంది. చేతికొచ్చేది తరచుగా ఒకే ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపినది. రాసిన రాత్రే దురద తగ్గుతుంది. అది మందు గొప్పతనం అనుకుంటాం. స్టెరాయిడ్ చేసేది చర్మం ఎదురుతిరగడాన్ని నొక్కేయడం. పురుగు లోపల అలాగే ఉంటుంది, ఇంకా హాయిగా ఉంటుంది. గజ్జి గజ్జిలా కనిపించదు, తామర తామరలా కనిపించదు. తర్వాత చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లినా గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలలు వాడితే గజ్జల్లో, తొడల మీద చర్మం పలచబడి చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కౌంటర్ ముందు ఆ చీటీ అడగాల్సిన బాధ్యత షాపువాళ్లది. అడగకపోయినా కొనకుండా ఉండాల్సిన బాధ్యత మనది. ఇప్పటికే రాసుకుని ఉంటే ఆ ట్యూబును పారేయకండి. డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి, ఎన్ని రోజులు రాశారో చెప్పండి. తిడతారేమోనని దాస్తే డాక్టర్‌కు చర్మం అబద్ధం చెబుతుంది.

డాక్టర్ ముందు చెప్పాల్సిన విషయాలు ముందే ఫోన్‌లో రాసుకోండి. ఎక్కడికి, ఏ తేదీల్లో వెళ్లారు. ఎక్కడ, ఎవరి పక్కన పడుకున్నారు. చెప్పుల్లేకుండా నడిచారా, గడ్డిలో కూర్చున్నారా, నీళ్లలో దిగారా, కుక్కో పశువో దగ్గరగా వచ్చిందా. దురద, జ్వరం ఏ రోజు మొదలయ్యాయి. వెంట వచ్చినవాళ్లలో ఇంకెవరికైనా ఉందా. ఓపీలో మీకు దొరికే సమయం తక్కువ, ప్రయాణం సంగతి మీరు చెప్పకపోతే డాక్టర్ అడగకపోవచ్చు. కూర్చున్న వెంటనే ‘సార్, పది రోజుల కింద అనంతగిరి అడవిలో క్యాంపుకు పోయి వచ్చిన’ అనండి, తర్వాత దురద గురించి చెప్పండి.

మిగిలింది తోటివాళ్లకు చెప్పడం. ఒకే గుడారంలో, ఒకే దుప్పటి కింద పడుకున్న స్నేహితులకు గజ్జి విషయం చెప్పడం ఇంట్లో చెప్పడం కంటే కష్టమని చాలామంది అంటారు. వాట్సాప్ గ్రూపులో ఇలా రాయవచ్చు: ‘మొన్న కొండ మీద నా పక్కన పడుకున్నోళ్లకు. నాకు గజ్జి అని డాక్టర్ చెప్పిండు. ఎక్కడ అంటుకుందో తెల్వదు, ఎవర్నీ అంటలేను. దురద నెల రోజుల దాకా బయటపడకపోవచ్చట, లేకున్నా ఒకసారి చూపించుకోండి. నేను శనివారం రాత్రి మందు రాసుకుంటున్న.’ మొదట వచ్చే జవాబు నవ్వుల బొమ్మే అయినా నొచ్చుకోకండి. దాని కింద ఒకరు ‘నాకూ నాలుగు రోజుల నుంచి ఉంది’ అని రాస్తే, వాళ్లకు విడిగా ఫోన్ చేసి ఇంట్లో ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పమనండి. వాళ్ల ఇంట్లో అందరికీ మందు ఆ శనివారం లోపే చేతికందేలా చూడండి.